ఒక ఎంజైమ్, తొమ్మిది చక్కెర కొమ్మలు

యువ వైద్యులారా,

పట్టా చేతికొచ్చిన ఈ రోజున మీకు ఒకే ఒక్క ఎంజైమ్ గురించి చెప్పాలని వచ్చాను. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం మాట్లాడే కుటుంబాలు మన ధర్మపురి చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. వాళ్ళలో కొందరికి ఇది ప్రాణం మీదికొచ్చే సంగతి.

ఆ ఎంజైమ్ పేరు బ్యూటిరైల్ కోలినెస్టరేజ్. కాలేయం దాన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. వదిలేముందు ఎంత పరీక్ష జరుగుతుందో చూడండి. ప్రోటీన్ గొలుసు రైబోజోమ్ నుంచి ఇంకా పూర్తిగా బయటపడకముందే, ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో, కొన్ని ఆస్పరాజిన్‌లకు 14 చక్కెరల కొమ్మను కణం ఒక్కసారిగా అతికిస్తుంది. ఈ ఎంజైమ్‌లో ఒక్కో గొలుసుకు అలాంటి కొమ్మలు 9. కొమ్మ చివర మూడు గ్లూకోజ్‌లుంటాయి. రెండు తెగి ఒకటి మిగలగానే, మడతకు తోడ్పడే కాల్‌నెక్సిన్ వచ్చి ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. ఆ మూడోదీ తెగాక మడత ఇంకా కుదరకపోతే, మరో ఎంజైమ్ ఆ లోపాన్ని గుర్తుపట్టి మళ్ళీ ఒక గ్లూకోజ్ తగిలించి కాల్‌నెక్సిన్ దగ్గరికే పంపుతుంది. ఎంతకీ కుదరని ప్రోటీన్‌ను కణమే ముక్కలు చేసేస్తుంది. జీవరసాయన శాస్త్రంలో ఇంతకన్నా అందమైన ఏర్పాటు నాకు తెలియదు.

మడత కుదిరినవి గాల్జీకి వెళ్తాయి. అక్కడ కొన్ని మాన్నోజ్‌లు పోయి, గెలాక్టోజ్, చిట్టచివర సియాలిక్ ఆమ్లం చేరతాయి. ఆ సియాలిక్ ఆమ్లం ఊడిపోయిన ప్రోటీన్‌ను కాలేయంలోని గ్రాహకాలు రక్తంలోంచి త్వరగా లాగేస్తాయి.

2006లో కోయంబత్తూరు పరిశోధకులు, నేను మొదట చెప్పినట్టు ఇంట్లో తెలుగు మాట్లాడే ఆర్యవైశ్య కులస్థులలో ఈ ఎంజైమ్‌లోని ఒక మార్పును ప్రకటించారు. 307వ స్థానంలో ల్యూసిన్ ఉండాల్సిన చోట ప్రోలిన్ ఉంది. చక్కెర తగిలే తొమ్మిది చోట్లలో అది లేదు, తేడా గొలుసులోనే. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఈ మార్పు వచ్చినవారి రక్తంలో ఎంజైమ్ పని దాదాపు కనబడదు. మామూలు రోజుల్లో వాళ్ళకే లోటూ తెలియదు. ఆపరేషన్ థియేటర్లో కండరాలను సడలించే స్కోలిన్ ఇచ్చినప్పుడే తెలుస్తుంది: ఆ మందును విడగొట్టే ఈ ఎంజైమ్ పనిచేయక, కొద్ది నిమిషాల్లో తిరిగి రావాల్సిన ఊపిరి గంటల తరబడి రాదు.

ఇది ఏ కులానికీ మచ్చ కాదు. పూర్వికులలో వచ్చిన మార్పు, తరతరాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్ల నిలిచిపోయింది. దక్షిణాసియాలో ఇలాంటి చరిత్ర ఉన్న సమూహాలు ఎన్నో ఉన్నాయని 2017లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు సహా ఒక బృందం చూపింది. కాబట్టి ఎవరినైనా సరే, మత్తు ఇచ్చేముందు అడగండి: "అమ్మా, మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత లేవడం బాగా ఆలస్యమైందా?"

అలాంటిది మీ ఎదుటే జరిగితే, కండరాలకు బలం వచ్చేదాకా యంత్రంతోనే ఊపిరి నడిపించండి, మత్తు ఆపకండి. కదల్లేని మనిషికి మెలకువ ఉండొచ్చు. కోలుకున్నాక అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను రక్త పరీక్షకు పిలిపించండి. ఫలితాన్ని వాళ్ళు చదవగలిగే భాషలో కాగితం మీద రాసి చేతికివ్వండి.