మేపుల్ పాకం ధర ఎవరు చెబుతారు?

(చెరకు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా అబ్బాయి దగ్గరికి కెనడా వెళ్లినప్పుడు, మాంట్రియల్ నగరానికి గంట దూరంలో రిగో కొండ మీద పాత పద్ధతిలో మేపుల్ పాకం కాచే పాక చూశాను. మన బెల్లం వండే పాకకు చుట్టమే అనుకోండి. చెట్టుకు చిన్న రంధ్రం, దానికో గొట్టం, కింద బకెట్. రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త ఎండ ఉంటేనే చెట్టు నుంచి నీరు కారుతుంది. అదీ మార్చి, ఏప్రిల్‌లోనే. అందులో తీపి నూటికి రెండు పాళ్లు. 40 లీటర్లు కాస్తే ఒక లీటరు పాకం! కట్టెల పొయ్యి, వెడల్పాటి పెనం, పాక నిండా ఆవిరి. వేడి పాకాన్ని మంచు మీద పోసి పుల్లకు చుట్టి ఇచ్చారు. అచ్చం మన తీగపాకమే. పెద్ద తోటల్లో మాత్రం ఇప్పుడు బకెట్లు పోయి ప్లాస్టిక్ గొట్టాలు వచ్చాయి.

మనకు కావలసిన సంగతి వేరే ఉంది. ఆ క్యూబెక్ రాష్ట్రంలో పీపాల్లో టోకుగా అమ్మే పాకం రైతుల సంఘం ద్వారానే పోవాలి. చట్టమే ఆ అధికారం ఇచ్చింది. కొనేవాళ్లతో ధర మాట్లాడేది సంఘమే. 2000లో ఉమ్మడి నిల్వ మొదలుపెట్టారు. బాగా దిగుబడి వచ్చిన ఏడు మిగిలింది గోదాముకు, తగ్గిన ఏడు మళ్లీ బజారుకు. 2021లో దిగుబడి పడిపోతే దాదాపు 22 వేల టన్నులు బయటికి తీశారు. ఆ గోదాముల నుంచే సుమారు 3 వేల టన్నులు దొంగలు కాజేసిన సంగతి 2012లో బయటపడింది. సరుకు విలువ వాళ్లకూ తెలిసింది లెండి.

అక్కడంతా బాగుందని చెప్పను. 2004 నుంచి కోటా ఉంది. మించి కాచింది నిల్వకు పోతే, అమ్ముడయ్యాకే డబ్బు. ఒప్పుకోని రైతులు కోర్టుకెక్కారు, జరిమానాలు పడ్డాయి. సొంత సంఘమే రైతును కోర్టుకు లాగడం నాకు మింగుడుపడలేదు. మనం చేస్తే ఆ భాగం వేరుగా రాసుకోవాలి.

అనకాపల్లి యార్డుకు దిమ్మలు తెచ్చిన రైతుకు ధర ఆరోజు వేలంలోనే తెలుస్తుంది. నచ్చక వెనక్కి తీసుకెళ్తే వానాకాలం తేమకు బెల్లం నీరుకారుతుంది. దాచుకునే చోటు లేదని కొనేవాడికి తెలుసు. అందుకే నా ప్రతిపాదన: ముందు చల్లని గోదాము అడుగుదాం, కోటా మాట తర్వాత. వచ్చే సమావేశానికి ప్రతి గ్రామ కమిటీ తన ఊళ్లో ఎన్ని పాకలు నడుస్తున్నాయో, ఎన్ని దిమ్మలు వండుతున్నారో లెక్క రాసి తీసుకురావాలి.