మద్దెల నిజముగా ఓడైనపుడు



“ఆడలేక మద్దెల ఓడు” అని మనవారు చెప్పుదురు. తన చేతకానితనమును పనిముట్టుపై నెట్టుట లోకసహజము గనుక ఆ సామెత పుట్టినది. కాని మద్దెల నిజముగానే ఓడైనచో ఆడువాని గతి యేమి? సాఫ్ట్‌వేరు పనివారి పనిముట్లను గూర్చి నేడు నేను విన్నవింపదలచినది ఈ విషయమే. మీ గ్రామములనుండి హైదరాబాదుకు ఆ విద్య నేర్వబోయిన పిల్లలు కలరు గనుక, ఇది మీరు వినదగిన మాట యని నా నమ్మకము.

1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు మాదాపూరులో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. పిదప గచ్చిబౌలివరకును, అంతకు ఆవలను కార్యాలయములు వరుసదీరినవి. అందు పనిచేయువారిలో నేనొకడను. రైతునకు నాగలి యెట్టిదో, ప్రోగ్రాములు వ్రాయుటకు మేము వాడు పనిముట్టు మాకట్టిది. అదియు నొక ప్రోగ్రామే. మా వ్రాతలో తప్పున్నచోట ఎఱ్ఱగీత గీయును. ఆ వ్రాతను యంత్రమునకు తెలియు భాషలోనికి మార్చును.

కంప్యూటరులో రెండువిధములైన చోట్లు కలవు. ఒకటి భోషాణము వంటిది, దాచినది దాచినట్లుండును. రెండవది కరణముగారి వ్రాతబల్ల వంటిది. పని జరుగుచున్నంతసేపు కాగితములు పఱచుకొను స్థలము. దీనినే ర్యాము అందురు. బల్ల నిండినచో కరణముగారు దస్త్రములను అటకపై నెక్కించుచు, కావలసినప్పుడెల్ల నిచ్చెనవేసి దింపుకొనుచు నుండవలెను. యంత్రమును అట్లే చేయును. అప్పుడు తెరపై నేదియు కదలదు.

1983లో టర్బో పాస్కల్ అను పనిముట్టు వెలువడినది. అది 64 కిలోబైట్ల ర్యాము గల చిన్న యంత్రములపైనను నడిచెను. నేడు సెల్‌ఫోను ప్రోగ్రాములు వ్రాయుటకు వాడు ఆండ్రాయిడ్ స్టూడియోకు కనీసము 8 గిగాబైట్ల ర్యాము కావలెనని దాని కర్తలే ప్రకటించినారు. అనగా లక్ష రెట్లకు మించిన చోటు. న్యాయము చెప్పవలెనన్న, నేటి పనిముట్టు చేయు సేవయు అధికమే. మనము అక్షరము కొట్టుచుండగానే తప్పు వెదకుటకై అది రచననంతయు బల్లమీద పఱచియుంచును. అయినను ఆ వ్యయమంతయు సేవకొఱకే కాదు. అక్కఱలేని తగిలింపులు కొన్ని. తీసికొన్న చోటును తిరిగి యియ్యని లోపములు కొన్ని. పాస్కల్ భాషను నిర్మించిన నిక్లాస్ విర్త్ పండితుడు, యంత్రముల వేగము పెరుగుటకంటె త్వరగా ప్రోగ్రాముల మందగమనము పెరుగుచున్నదని 1995లోనే హెచ్చరించెను. పనిముట్టు చేయువారు తమ పెద్ద యంత్రములపై దానిని పరీక్షించి తృప్తిపడిరా, చిన్న యంత్రము గలవాని చోటును అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లు ఖర్చుపెట్టుదురు.

ఆ ఖర్చు ఎవరి తలపై పడునో నేను కన్నులార చూచితిని. మా బంధువుల కుఱ్ఱవాడొకడు అమీరుపేటలో శిక్షణకు చేరెను. తండ్రి ఒక ఎకరము కౌలుకిచ్చి వచ్చిన సొమ్ముతో రుసుము కట్టి, 4 గిగాబైట్ల పాత ల్యాప్‌టాప్ కొనియిచ్చెను. నెలదినములు గడచినవి. తోటివారు పది పాఠములు ముగించునప్పటికి వీడు మూడింటికడనే నిలిచెను. ఒకరాత్రి నాకడకు వచ్చి, “బాబాయిగారూ, నాకీ విద్య రాదు. రేపు ఊరికి పోయెదను” అనెను. సంచి సర్దుకొనియే వచ్చెను.

నేను వాని యంత్రమును తెఱచి చూచితిని. వాడొక అక్షరమైనను వ్రాయకమునుపే ర్యాము నిండియుండెను. మఱునాడు దానికి ఇంకొక 4 గిగాబైట్లు చేర్పించి, అక్కఱలేని తగిలింపులను తీసివేసితిమి. ముందు పావుగంట పట్టిన పని నిమిషములో ముగిసెను. అయినను ఒక పంక్తిక్రింద ఎఱ్ఱగీత పోలేదు. వాడు ఆ పంక్తిని ఇరువదిసార్లు చెఱిపి వ్రాసియుండెనట! తప్పు వానిది కాదు. పనిముట్టును మూసి తెఱవగానే గీత మాయమయ్యెను. వాడు నావైపు చూచి, “ఇన్నాళ్లు నేను మొద్దుననుకొంటిని” అనెను. ఆ మాట నన్ను నేటికిని వదలలేదు. వాడు ఊరికి పోలేదు. కాని వృథాయైన నెల రుసుము ఎవరును తిరిగి యియ్యలేదు.

కావున పెద్దలకు నా మనవి. రుసుము కట్టకమునుపు, ఆ పాఠములకు ఎంత ర్యాము కావలెనో శిక్షణాలయమువారిని అడుగుడు. యంత్రము కొనునపుడు, దానికి మఱికొంత ర్యాము చేర్చవీలగునా యని విచారింపుడు; అన్నింటికి వీలుపడదు. పిల్లవాడు “యంత్రము ఆగిపోయినది” అని చెప్పినచో సోమరి యని వెంటనే నిర్ణయింపకుడు. తెలిసినవారొకరిచేత ఆ యంత్రమును చూపింపుడు. ఆటగానిని నిందించుటకు ముందు మద్దెలను ఒక్కసారి తట్టి చూచుట ధర్మము.

సెలవు.