పిత్తాశయపు శస్త్రచికిత్స – తరువాతి నొప్పి
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



వీధి దీపములను గూర్చియో, మురుగు కాలువలను గూర్చియో, ఇంటిపన్ను వసూలును గూర్చియో మాట్లాడవలసిన మేము నేడు కడుపులోని ఒక చిన్న సంచిని గూర్చి మాట్లాడబూనుట మీకు వింతగా తోచవచ్చును. కాని పిత్తాశయములో రాళ్లు పడి, దానిని తీయించుకొని వచ్చినవారు మీ గ్రామములందును ఒకరిద్దరు ఉండియే యుందురు. ఆసుపత్రిలో వారు గడుపునది సాధారణముగా ఒకటి రెండు దినములు. తక్కిన కోలుకొనుట యంతయు మీ వీధులలోనే, మీ కన్నుల యెదుటనే జరుగవలసి యున్నది. అందుచేత ఈ విషయము వైద్యులది మాత్రమే కాదు, మీది కూడ.

పిత్తాశయమనగా మరేమియు కాదు. కోడిని, చేపను కోయునప్పుడు మన యిండ్లలో స్త్రీలు పగులకుండ జాగ్రత్తగా తీసి పారవేయు చేదుకట్టు ఇదియే. మన కాలేయము దినమునకు అర లీటరు మొదలు ఒక లీటరు వరకు పైత్యరసమును తయారుచేయును. ఈ సంచి అందు కొంత నిలువ చేసి, చిక్కపరచి, మనము నూనె, నేయి గల భోజనము చేసినప్పుడు ప్రేగులోనికి విడుచును. ఆ రసము గడ్డకట్టి రాళ్లుగా మారి, సంచి గొంతునకు అడ్డుపడినప్పుడు కుడి డొక్క క్రింద భరింపరాని నొప్పి పుట్టును. రాళ్లను మాత్రమే తీసి సంచిని విడిచినచో మరల రాళ్లు ఏర్పడును గనుక వైద్యులు సంచినే తీసివేయుదురు. సంచి పోయినంత మాత్రమున కాలేయము తన పని మానదు. రసము నిలువ యుండుటకు చోటు లేక కొద్దికొద్దిగా నేరుగా ప్రేగులోనికి దిగుచుండును. చెరువు పూడినను కాలువ పారుచున్నట్లని తలచుకొనుడు.

ఈ శస్త్రచికిత్సను మొదట 1882లో బెర్లిన్ నగరమున కార్ల్ లాంగెన్‌బుక్ అను వైద్యుడు చేసెను. ఆ తరువాత నూరేండ్లకు పైగా డొక్క క్రింద జానెడు కోత పెట్టి చేయుటయే పద్ధతిగా నుండెను. 1985లో జర్మనీలోనే ఎరిక్ మ్యూహె అను వైద్యుడు చిన్న రంధ్రముల గుండ గొట్టములు పంపి సంచిని తీసెను. మన దేశమున ఆ పద్ధతిని 1990లో బొంబాయిలో డాక్టరు తెహమ్‌టన్ ఉద్వాడియాగారు ప్రవేశపెట్టిరి. నేడు చాలమందికి జరుగునది ఈ మూడు నాలుగు రంధ్రముల పద్ధతియే. రంధ్రములు చిన్నవి కావున లోపల కోత కూడ చిన్నదే యని జనులు భావింతురు. చిక్కంతయు ఇచ్చటనే మొదలగుచున్నది.

పైన నాలుగు గాట్లు వారములో మానిపోవును. లోపల సంచి అంటియున్న కాలేయపు అడుగుభాగము, కడుపు కండరములు అంత త్వరగా మానవు. ఇంటి చుట్టు నడచుట, చిన్న పనులు చేసికొనుట వారము, పది దినములలో సాధ్యము. కాని నీళ్లు నిండిన బిందె ఎత్తుట, నాట్లలో గంటల తరబడి వంగుట, పలుగు పారలతో మట్టిపని చేయుట, ధాన్యపు బస్తా మోయుట – వీనికి నాలుగు మొదలు ఆరు వారముల వరకు పోరాదు. జానెడు కోత పడినవారికి ఆరు మొదలు ఎనిమిది వారములు కావలెను. నాట్ల కూలి పోవునన్న భయముతో పదవ దినమున మడిలో దిగిన స్త్రీ, అటుపైన నెలల తరబడి గాటువద్ద నొప్పితో బాధపడుట, కొన్నిసార్లు గాటువద్ద ప్రేగు వెలికి వచ్చి గిలక కట్టుట మేము వినుచునే యున్నాము. అట్లని మంచమునకు అంటుకొని యుండుటయు తగదు. శస్త్రచికిత్సనాటి సాయంకాలము మొదలే మెల్లగా నడచినచో కాళ్లలో రక్తము గడ్డకట్టదు. దగ్గు వచ్చినప్పుడు దిండు నొకదానిని కడుపునకు అదిమి పట్టుకొనినచో నొప్పి తక్కువగా నుండును.

మొదటి దినములలో వచ్చు ఒక నొప్పి రోగులను మిక్కిలి భయపెట్టును. కోసినది కడుపు, నొప్పి పుట్టునది కుడి భుజము! ఇదేమి చోద్యమని ఇంటిల్లిపాదియు కంగారు పడుదురు. గొట్టములతో పనిచేయుటకు చోటు కావలెనని వైద్యులు కడుపును బొగ్గుపులుసు వాయువుతో ఉబ్బింతురు. ఆ వాయువు కొంత మిగిలి ఊపిరితిత్తుల క్రిందనున్న పొరను ఒరయును. ఆ పొరకును భుజమునకును నరములు ఒక్కచోటి నుండియే వచ్చుటచే నొప్పి భుజమున తోచును. రెండు మూడు దినములలో, ఆలసించినచో వారములో, దానంతట అదియే పోవును.

ఇక పథ్యము. పప్పు తిన్నచో గాయము చీము పట్టునని మన పల్లెలలో గట్టి నమ్మకము. ఇది సరికాదు. గాయము మానుటకు మాంసకృత్తులు కావలెను. పప్పు, గుడ్డు, మజ్జిగ మాన్పించి, కారపు మెతుకులతో నెల గడిపించుట రోగిని శిక్షించుటయే యగును. మొదటి వారములలో వేపుళ్లు, పిండివంటలు, నేతి భోజనములు మాత్రము తగ్గించి, కొద్దికొద్దిగా పలుమారు తినవలెను. కొందరికి భోజనము కాగానే విరేచనము పలుచగా అగును; నిలువ లేని పైత్యరసము ప్రేగును తొందరపెట్టుటయే కారణము. చాలమందికి కొన్ని వారములలో సర్దుకొనును. సర్దుకొననిచో మందు కలదు, సిగ్గుపడి దాచుకొనవలసిన పని లేదు.

ఇంతవరకు చెప్పినది మానుచున్న నొప్పి. దానికొక గుర్తు కలదు: నిన్నటి కంటె నేడు, పోయిన వారము కంటె ఈ వారము తగ్గుచుండును. తగ్గని నొప్పి, తగ్గి మరల వచ్చిన నొప్పి వేరు. అట్టి ఉదంతము నొకదానిని మేము కృష్ణా డెల్టాలోని ఒక గ్రామమునకు ప్రచార కార్యక్రమముపై పోయినప్పుడు అచ్చటి వార్డు సభ్యుని నోట వింటిమి.

ఆయనకు వరుసకు పిన్ని యగు ఒకామె ఏదియో కాగితముపై వ్రేలిముద్ర వేయుటకు పంచాయతీ కార్యాలయమునకు వచ్చినదట. కుడి డొక్కపై చేయి పెట్టుకొని వంగి నడచుచున్నది.

"ఏం పిన్నీ, అట్లా ఉన్నావు?"

"ఆపరేషన్ అయి ఆరు వారాలైంది నాయనా. తగ్గిందనుకుంటే మళ్ళీ మొదలైంది."

"మరి ఆసుపత్రికి పోలేదేం?"

"పోతే మళ్ళీ కోస్తామంటారని భయం. కళ్ళు పచ్చబడ్డాయని మీ బాబాయి మూడు రోజుల్నించి పసరు పోయిస్తున్నాడు."

ఆ సభ్యుడు వైద్యుడు కాడు. కాని వెంటనే ఆశా కార్యకర్తను పిలిపించెను. ఆమె ప్రక్కకు తీసికొనిపోయి అడుగగా, మూత్రము చిక్కని టీ రంగున వచ్చుచున్నదనియు, విరేచనము సున్నపు రంగున నున్నదనియు, రాత్రులందు చలిజ్వరము వచ్చుచున్నదనియు తెలిసెను. 108 వాహనములో పెద్ద ఆసుపత్రికి పంపిరి. అచ్చటి పరీక్షలో పైత్యనాళమునందు ఒక రాయి మిగిలియున్నట్లు తేలెను. మరల కడుపు కోయలేదు. నోటి గుండ గొట్టము పంపి ఆ రాయిని తీసిరి. నొప్పి, జ్వరము, కామెర్లు మూడును కలిసినచో పైత్యనాళము కుళ్లుచున్నదని గుర్తు. మరి రెండు మూడు దినములు జరిగియున్నచో ప్రాణమునకే ముప్పు కలిగియుండెడిది.

పసరు పోయువారితో మాకు తగవు లేదు. నీటివలన, ఆహారము వలన వచ్చు కామెర్లు చాలవరకు వానంతట అవియే తగ్గును. ఆ ఘనత పసరునకు దక్కుచున్నది. కాని పిత్తాశయము తీసిన తరువాత వచ్చు కామెర్లు దారి మూసికొనుటచే వచ్చుచుండును. మూసికొనిన దారిని ఏ పసరును తెరువజాలదు. ఆ దినములు వృథాగా పోవును.

శస్త్రచికిత్స చేసిన వైద్యునిదే తప్పని తొందరపడి తీర్పు చెప్పవలదు. చిన్న రాయి ముందుగానే సంచి నుండి నాళములోనికి జారి స్కానులో కనబడకపోవుట కలదు. అయితే గొట్టముల పద్ధతిలో వేయిమందికి 3 మొదలు 5 మందికి పైత్యనాళమునకే దెబ్బ తగులుట కలదని వైద్యులే ఒప్పుకొనుచున్నారు. దీనిని దాచిపెట్టుట కంటె తెలిసికొని యుండుట మేలని మా అభిప్రాయము. శస్త్రచికిత్స జరిగిన మొదటి వారములో కడుపు ఉబ్బుట, నొప్పి నానాటికి పెరుగుట, ఎడతెగని వాంతులు, గాటునుండి చీముగాని పచ్చని నీరుగాని కారుట కనబడినచో ఆ పూటనే పంపవలెను.

ప్రమాదము లేకయే మిగులు నొప్పులు అనేకము. ఏదో యొక బాధ మిగులువారు నూటికి 10 మంది మొదలు 40 మంది వరకు ఉందురని చెప్పుదురు; చిన్న అజీర్ణమును కూడ లెక్కించుటచే సంఖ్య అంత విరివిగా నున్నది. ఇట్టివారిలో కొందరికి నొప్పి మొదటినుండియు సంచిది కాదు. కడుపులో పుండు, పుల్లత్రేన్పులు, ప్రేగుల బాధ ఉండగా స్కానులో రాళ్లు కూడ కనబడినవి. రాళ్లు పోయినను ఆ నొప్పి నిలిచినది. మరికొందరికి గాటువద్ద నరము చిక్కుకొనును. ఒక్క వ్రేలితో చూపగలిగిన నొప్పి, కడుపు బిగించినప్పుడు హెచ్చు నొప్పి తరచు అట్టిది. దానికి ఆ చోటనే ఇచ్చు సూదిమందు కలదు. "ఆపరేషను చెడిపోయినది" అను ఒక్కమాట వీరినందరిని వైద్యమునకు దూరము చేయుచున్నది. ఆర్.ఎం.పి. వద్ద వారము వారము నొప్పి సూదులు పొడిపించుకొనుటయు, నొప్పి బిళ్లలు మ్రింగుటయు కడుపులో కొత్త పుండ్లను తెచ్చును. చెమటలు పట్టి, ఆయాసముతో పై కడుపులో నొప్పి వచ్చినచో అది గుండెది కావచ్చును. పాత ఆపరేషనుపై నెపము వేయరాదు.

సభ్యులు చేయదగిన పని పెద్దది కాదు. మీ వార్డులో ఎవరైన ఈ శస్త్రచికిత్స చేయించుకొని వచ్చినచో ఆశా కార్యకర్తకు తెలుపుడు. ఆసుపత్రివారిచ్చిన డిశ్చార్జి కాగితమును, స్కాను కాగితమును పారవేయక పెట్టెలో భద్రపరచుమని చెప్పుడు. రెండవసారి చూచు వైద్యునకు అవియే ఆధారము. మట్టిపనులకు మనుష్యులను పంచునప్పుడు ఆరు వారములు నిండనివారికి తట్ట మోయు పని గాక, నీళ్లందించు పనివంటి తేలిక పని చూపుడు. మేస్త్రీలకు ఈ మాట మీరు చెప్పినట్లు మేము చెప్పజాలము.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారిగారు ఈ సభలోనే యున్నారు. మీ గ్రామములలో ఇట్లు బాధపడుచున్నవారెవరైన మీకు జ్ఞప్తికి వచ్చినచో, భోజన విరామమునకు ముందే వారిని గూర్చి ఆయనతో చెప్పుడు.