యుద్ధకాలపు పొగబండి
(మన సంఘసభలో చదివిన ఉపన్యాసము)



ఒక పాత ఇంజనును గూర్చి ఉపన్యాసమేల యని మీలో కొందరు తలపవచ్చును. అది మన తీరపు చరిత్రతో ముడిపడిన విషయము గావున విన్నవించుచున్నాము.

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు విడిచినవి. ఆ దినములలోనే బంగాళాఖాతమున వర్తకపు ఓడలు పెక్కు మునిగినవి. తీరపు ఓడల రాకపోకలు స్తంభించుటచే బొగ్గును, ఇతర సరకును రైళ్లే మోయవలసి వచ్చెను. ఆ బరువులో మన రంభ, ఛత్రపురము, బరంపురముల మీదుగా పోవు హౌరా–మదరాసు మార్గమునకును పాలు కలదు. అప్పటికే మన దేశపు ఇంజనులు, పట్టాలు కొన్ని పశ్చిమాసియా యుద్ధరంగమునకు తరలిపోయియుండెను. ఆ కొరత తీర్చుటకై అమెరికా, కెనడాల నుండి క్రొత్త ఇంజనులు తెప్పింపబడెను.

వానిలో నొకటి నేటికిని నిలిచియున్నది. 1943లో అమెరికాలోని బాల్డ్విన్ కర్మాగారమున తయారైన ఏ.డబ్ల్యు.ఇ. తరగతి 22907 సంఖ్యగల ఆ ఇంజనునకు ‘విరాట్’ అని పేరు. ముందు రెండు, వెనుక రెండు చిన్న చక్రములు. నడుమ ఎనిమిది పెద్ద చక్రములు. ఈ అమరికకు ‘మికాడో’ యని జపాను చక్రవర్తి బిరుదే పేరుగా నుండగా, యుద్ధకాలమున అమెరికనులు ‘మెకార్థర్’ అని మార్చిరి. వైరము చక్రముల పేరునకు గూడ సోకినది!

1995తో బ్రాడ్‌గేజి మార్గములపై ఆవిరి యుగము ముగిసెను. ఎన్నియో ఇంజనులు పాత ఇనుముగా కరగిపోయెను. విరాట్ మాత్రము హర్యానాలోని రేవాడి షెడ్డున పునరుద్ధరింపబడెను. ఇది రంగు పూసినంత సులువు గాదు. తుప్పు పట్టిన గొట్టములు మార్చవలెను. బాయిలరును నీటి ఒత్తిడితో పరీక్షింపవలెను. అన్నిటికి మించి, నిప్పు వేయుట తెలిసిన చేతులు కావలెను. ఇనుము దొరకును గాని, ఆ చేతులు దొరకుట కష్టము.

మన పర్లాకిమిడి చిన్నబండిని తలచుకొనుడు. అది సైనికబండి గాదు, రాజావారు వేయించినది. 1900లో నౌపడ నుండి పర్లాకిమిడికిని, 1931 నాటికి గుణుపురమునకును సాగినది. 1936లో రాష్ట్రపు సరిహద్దు దాని దారికి అడ్డముగా పడినను, అది ఇరువైపుల బంధువులను కలుపుచునే యుండెను. 2004లో ఆగిపోయెను. 2010లో పర్లాకిమిడికి పెద్దబండి వచ్చినది, సంతోషమే. కాని చిన్నబండి జ్ఞాపకము ఎవరి యొద్ద నున్నది?

మన యిండ్లలో రైల్వే కొలువు చేసినవారి బిడ్డలు కలరు. తాతల చేతిదీపములను పాత ఇత్తడి క్రింద తూకమునకు వేసిన తప్పు మనదే. మిగిలిన ఛాయాచిత్రములు, కొలువు కాగితములు సంఘమునకు చూపుడు. నకలు తీసుకొని తిరిగి యిచ్చెదము. డ్రైవర్లు, ఫైర్‌మన్లుగా నుండిన వృద్ధుల మాటలు వారి నోటనే వ్రాసికొందము. ఇంజనును రేవాడి కాపాడినది. ఆ మాటలను మనము గాక మరెవరు కాపాడుదురు?