పేరు పెట్టిందెవరు? పడ్డదెవరు?

(విద్యార్థులు, ఉద్యోగులు కలిసి జరుపుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక టోపీతో మొదలు పెడతం. మాకు బాగా దగ్గరైన ఒక రిటైర్డ్ టీచర్ సారు ఉన్నరు. ఆయన కొడుకు అమెరికాలో, వాషింగ్టన్ పక్కనున్న వర్జీనియా రాష్ట్రంలో యాష్‌బర్న్ అనే ఊర్లో ఉంటడు. ఆ చుట్టుపక్కల మన తెలుగోళ్లు మస్తుగ ఉన్నరు. చాలా ఏండ్ల కింద సెలవులకు వచ్చినప్పుడు కొడుకు తండ్రికి ఒక టోపీ తెచ్చిచ్చిండు. ముదురు ఎరుపు గుడ్డ, దాని మీద పక్కకు తిరిగిన ఒక మనిషి ముఖం, తలకు ఈకలు. సారు ఎండపూట పొలం కాడికి అదే పెట్టుకొని పోతరు. ఎవరి బొమ్మ సారూ అని అడిగితే, ఏదో ఆటల జట్టు గుర్తట అన్నరు. ఆ జట్టు ముచ్చటే ఇయ్యాల చెప్పదలుచుకున్నం.

మనం ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట అనుకుంటం. అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ వేరు. కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకొని, తలకు హెల్మెట్, భుజాలకు కవచం కట్టుకొని ఒకళ్ల మీద ఒకళ్లు పడి ఆడే ఆట. వాళ్ల పెద్ద లీగులో 32 జట్లు. కోట్ల డాలర్ల యాపారం. రాజధాని వాషింగ్టన్ జట్టుకు యాష్‌బర్న్‌లోనే ఆఫీసు, సాధన మైదానం ఉన్నయి. ఆ జట్టు పేరు 1933 నుంచి 2020 దాకా, అంటే 87 ఏండ్లు, రెడ్‌స్కిన్స్. ఎర్రతోలోళ్లు అన్నమాట. ఆ నేల మీద అందరికంటే ముందు నుంచి బతుకుతున్న ఆదివాసీలను తోలు రంగుతో పిలిచిన పేరు.

మన దేశంలో దళితులను, ఆదివాసీలను నలుగురిలో కులం పేరుతో అవమానిస్తే 1989 నాటి చట్టం కింద కేసయితది. అక్కడ అసుంటి మాటను స్టేడియం నెత్తి మీద రాసిన్రు. రాసి, ఇది మీకు మేమిచ్చే గౌరవం అన్నరు.

ఈ గౌరవం సంగతి జర తవ్వి చూద్దాం. జట్టు 1932లో బోస్టన్ నగరంలో పుట్టింది. అప్పటి పేరు బ్రేవ్స్. అదే ఊర్లో అదే పేరుతో బేస్‌బాల్ జట్టు ఉండటంతో మరుసటి ఏడు యజమాని జార్జ్ ప్రెస్టన్ మార్షల్ పేరు మార్చి రెడ్‌స్కిన్స్ అన్నడు. 1937లో జట్టును వాషింగ్టన్‌కు తోలుకపోయిండు. తర్వాతి కాలంలో జట్టోళ్లు ఒక కథ చెప్పుకుంట వచ్చిన్రు. అప్పుడు కోచ్‌గా ఉన్న లోన్ స్టార్ డీట్జ్ ఆదివాసీ అట, ఆయన గౌరవార్థం ఆ పేరు పెట్టిన్రట. ఆ డీట్జ్ నిజంగా ఆదివాసీనా కాదా అన్నదే తేలని ముచ్చట. అది వదిలిపెట్టండి. 1933లో మార్షలే పత్రికలోళ్లకు చెప్పిన మాట ఉన్నది: కోచ్ కోసం కాదు, బేస్‌బాల్ జట్టుతో తికమక రావద్దని మార్చిన అని. పెట్టినోడు గౌరవం అనలేదు. గౌరవం అన్న మాట తర్వాత కుట్టిన అతుకు.

ఆ మార్షల్ ఎసుంటి మనిషో గూడ చెప్పుకోవాలె. లీగులోని జట్లన్నీ నల్లజాతి ఆటగాళ్లను తీసుకున్నంక గూడ ఈయన తీసుకోలేదు. 1961లో కొత్త స్టేడియం తయారయ్యింది. అది కేంద్ర ప్రభుత్వ భూమి మీద కట్టింది. కెనడీ ప్రభుత్వంలో ఇంటీరియర్ మంత్రిగా ఉన్న స్టూవర్ట్ యూడాల్ సూటిగా చెప్పిండు: వివక్ష చూపితే మా భూమిలో ఆడనియ్యం అని. అట్ల మెడలు వంచితే 1962లో బాబీ మిచెల్ అనే నల్లజాతి ఆటగాడు ఆ జట్టు చొక్కా వేసుకున్నడు. లీగులో ఆఖరు జట్టు అదే. ఈ భూమి ముచ్చట యాదిల పెట్టుకోండి, మళ్లొస్తం దానికి.

ఆదివాసీలు ఊకున్నరా అంటే ఊకోలేదు. 1944లో పుట్టిన అమెరికన్ ఇండియన్ల జాతీయ కాంగ్రెస్ అనే సంఘం 1968లో ఇట్లాంటి బొమ్మల మీద, పేర్ల మీద ప్రచారం మొదలు పెట్టింది. 1972లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ తన జట్లకున్న ఇండియన్స్ అనే పేరు తీసేసింది. అదే ఏడు కొందరు ఆదివాసీ నాయకులు వాషింగ్టన్ జట్టు అధ్యక్షుడిని కలిసి పేరు మార్చమన్నరు. ఆయన పేరు మార్చలేదు గని జట్టు పాటలో కొన్ని మాటలు మార్పించిండు. ఆ పాట రాసింది మార్షల్ భార్య. అందులో ఆదివాసీలు మాట్లాడే ఇంగ్లీషును వెక్కిరిస్తూ ముక్కలు ముక్కలుగ విరిచిన మాటలు ఉండేటివి. యాసను వెక్కిరించి నవ్వించుడు ఒక్క మన సినిమాలోళ్ల సొత్తే అనుకోవద్దు.

ఆ తర్వాత కోర్టు తొవ్వ. 1992లో సుజాన్ షోన్ హార్జో అనే ఆదివాసీ రచయిత్రి, ఇంకో ఆరుగురు ట్రేడ్‌మార్క్ బోర్డుకు పోయిన్రు. ట్రేడ్‌మార్క్ అంటే ఈ పేరుతో టోపీలు, చొక్కాలు అమ్ముకునే హక్కు నాదే అని సర్కారు వేసే ముద్ర. ఒక జాతిని కించపరిచే మాటకు ఆ ముద్ర వేయొద్దని 1946 నాటి చట్టం చెప్తది. కాబట్టి ముద్ర తీసేయమన్నరు. 1999లో బోర్డు తీసేయమని తీర్పిచ్చింది. 2003లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. సాక్ష్యం చాలలేదన్నది ఒక కారణం. రెండోది వినండి: 1967లో రిజిస్టర్ అయిన పేరు మీద 1992 దాకా ఎందుకు ఆగిన్రు, ఆలస్యం చేసిన్రు అని. అవమానానికి గూడ ఆఖరు తేదీ ఉంటదన్నమాట! హార్జో వెనుకకు తగ్గలేదు. ఆలస్యం అన్న మాట పడకుండా ఈసారి అప్పుడప్పుడే పద్దెనిమిదేండ్లు దాటిన పిల్లలను ముందుకు తెచ్చింది. నవాహో తెగకు చెందిన అమాండా బ్లాక్‌హార్స్, ఇంకో నలుగురు 2006లో కొత్త కేసు వేసిన్రు. 2014లో బోర్డు ఆరు ట్రేడ్‌మార్కులు రద్దు చేసింది. 2015లో ఒక జడ్జి అది సరైనదే అన్నడు. గెలిచినట్టే అనుకున్నరు.

గని 2017లో సుప్రీంకోర్టు వేరే కేసులో ఆ చట్టంలోని నిబంధననే కొట్టేసింది. ఆ కేసు ఒక పాటల బృందానిది. ఆసియా మూలాలున్న పిలగాండ్లు, తమ కండ్లను వెక్కిరించే మాటనే తమ బృందానికి పేరుగ పెట్టుకున్నరు. తిట్టును తిరగేసి జెండా చేసుకున్నరు. అది వాళ్ల హక్కు, కాదనలేం. ఏ మాట మంచిది, ఏది చెడ్డది అని సర్కారు తేల్చొద్దన్న కోర్టు వాదనలో గూడ పస ఉన్నది, ఆ అధికారం రేపు ఎవరి చేతుల పడుతదో తెల్వదు. కాకపోతే తన నెత్తిన తాను పెట్టుకున్న పేరుకు, ఎవడో తెచ్చి మెడల ఏలాడేసిన పేరుకు ఉన్న తేడా ఆ త్రాసుకు అందలేదు. తమ తిట్టును తామే మోసుకున్నోళ్ల గెలుపు, పరాయి జాతి పేరు అమ్ముకునేటోళ్లకు లాభమయ్యింది. పాతికేండ్ల కేసు అట్ల నీరుగారింది.

ఇగ ఎదుటి వాదన. దాచిపెట్టి మాట్లాడితే న్యాయం కాదు. 2004లో ఒకటి, 2016లో వాషింగ్టన్ పోస్ట్ పత్రికది ఒకటి, రెండు సర్వేలు జరిగినయి. ఆదివాసీలమని చెప్పుకున్నోళ్లలో పదింట తొమ్మిది మంది మాకు బాధ లేదన్నరు. ఫోన్ల ఎవరు ఏమని చెప్పుకున్నా ఆదివాసీగనే లెక్క కట్టిన్రని విమర్శ వచ్చింది. 2020లో కాలిఫోర్నియా బర్క్‌లీ యూనివర్సిటీ పరిశోధకులు వెయ్యి మందికి పైగా ఆదివాసీలను అడిగితే దాదాపు సగం మంది అవమానమే అన్నరు. అరిజోనాలో నవాహోల నేల మీదనే ఉన్న రెడ్ మెసా హైస్కూల్ తన జట్టుకు అదే పేరు పెట్టుకున్నది. ఆ మాట తొలుత పుట్టింది గూడ ఆదివాసీల నోట్లోనే అని ఒక భాషా పండితుడు ఆధారాలు చూపించిండు. కావచ్చు. కానీ 1863లో, డకోటాల తిరుగుబాటు అణిచినంక, మిన్నెసోటాలో వినోనా అనే ఊరి పత్రిక ఇదే మాట వాడి, చంపిన ఒక్కొక్కనికి రెండు వందల డాలర్ల ఇనాము అని అచ్చేసింది. మాట ఎక్కడ పుట్టిందో కాదు, ఎవని చేతిల ఏం పని చేసిందో చూడాలె.

పదింట తొమ్మిది మందికి బాధ లేదంటే బాధ లేనట్టేనా? మన యాసను సినిమాలలో రౌడీకి, పనిమనిషికి, తాగుబోతుకు పెట్టినప్పుడు హాల్లో మనమే నవ్వినం. మేము గూడ నవ్వినం, అబద్ధమెందుకు. ఆ రోజు ఎవడన్నా మైకు పెట్టి మీకు కష్టమనిపించిందా అని అడిగితే ఏమీ లేదనే అందుం. ఇంటర్వ్యూకు పోయి నోరు తెరవడానికి జంకినప్పుడు తెలిసింది ఆ నవ్వు ఖర్చెంతనో. అమెరికాలో 2008లో అచ్చయిన ఒక పరిశోధనలో ఇట్లాంటి బొమ్మలు చూపించినంక ఆదివాసీ విద్యార్థులలో తమ మీద తమకున్న విలువ తగ్గినట్టు తేలింది. మానసిక శాస్త్రవేత్తల సంఘం 2005లోనే ఇవి తీసేయాలని తీర్మానం చేసింది.

అయినా యజమాని వినలేదు. 1999లో 80 కోట్ల డాలర్లు పెట్టి జట్టును కొన్న డేనియల్ స్నైడర్, 2013లో పత్రికోళ్లతో పేరు ఎన్నటికీ మార్చనన్నడు, కావాలంటే పెద్దక్షరాలతో రాసుకోండన్నడు. ఆ ఎన్నటికీ అన్నది ఏడేండ్లు నిలబడ్డది. 2020 మే 25న మిన్నియాపొలిస్‌లో పోలీసు మోకాలి కింద జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయిండు. దేశమంతా రోడ్ల మీదికి వచ్చింది. జులై మొదట్ల 87 పెట్టుబడి సంస్థలు జట్టుకు స్పాన్సర్లయిన ఫెడెక్స్, నైకీ, పెప్సీ కంపెనీలకు ఉత్తరాలు రాసినయి. స్టేడియానికి తన పేరు పెట్టుకున్న ఫెడెక్స్ పేరు మార్చమని అడిగింది. నైకీ తన ఆన్‌లైన్ దుకాణం నుంచి సరుకు తీసేసింది. జులై 13న పేరు పోయింది.

పాతికేండ్ల దరఖాస్తు చేయలేని పని పది పన్నెండు రోజుల్ల అయింది. మన ఉద్యోగ మిత్రులు కొందరు ఇది విని, చివరికి పైసలే గదా గెలిచినయి అంటరు. పైసలు కదిలినయి, నిజమే. కానీ ఆ పైసలను కదిలించింది రోడ్డు. రోడ్డు మీదికి జనం వచ్చిననాడు ఏ పేరు మార్చమని అడగాలెనో తెలిసింది హార్జో, బ్లాక్‌హార్స్ అసుంటోళ్లు అన్నేండ్లు ఓడిపోయిన కేసుల పుణ్యాన. ఓడిన దరఖాస్తు గూడ ఊరికే పోలేదని మా లెక్క.

పేరు పోతే జట్టు పోతదన్నరు. రెండేండ్లు వాషింగ్టన్ ఫుట్‌బాల్ టీమ్ అని ఒట్టి పేరుతో ఆడిన్రు. 2022లో కమాండర్స్ అని పెట్టుకున్నరు. అభిమానులలో చాలామందికి ఈ పేరు రుచించలేదు, మాకు గూడ అంత సొగసుగ అనిపించదు. అయినా 2023లో స్నైడర్ అదే జట్టును 600 కోట్ల డాలర్లకు పైగా అమ్ముకున్నడు. 2024 సీజన్‌లో జట్టు, ముప్ఫై ఏండ్లకు పైగా అందని సెమీఫైనల్ దాకా పోయింది. క్లీవ్‌లాండ్ బేస్‌బాల్ జట్టు గూడ ఇండియన్స్ పేరు వదిలి ఊరి వంతెన మీది విగ్రహాల పేరుతో గార్డియన్స్ అయ్యింది. దాని ఆట దానికి నడుస్తున్నది.

ఇగ ఆ భూమి ముచ్చట. 2025 జులైలో అధ్యక్షుడు ట్రంప్ పాత పేరు తిరిగి పెట్టమన్నడు, లేకుంటే కొత్త స్టేడియం ఒప్పందానికి అడ్డం పడొచ్చన్నడు. ఆ స్టేడియం కడతామన్నది ఎక్కడో తెలుసా? యూడాల్ మార్షల్ మెడలు వంచిన పాత స్టేడియం జాగలోనే. నల్లోళ్లను ఆడనియ్యి అని ఒకప్పుడు ఏ భూమిని చూపించి బెదిరించిన్రో, ఎర్రతోలోళ్లు అనే పేరు మళ్ల రాయి అని అదే భూమిని చూపించి బెదిరించిన్రు. జట్టు పేరు మార్చలేదు. ఆ భూమి పక్కన పారే నది పేరు అనకోస్టియా. తెల్లోళ్లు రాకముందు ఆ ఒడ్డున ఉన్న నకాచ్‌ట్యాంక్ ప్రజల పేరు నుంచే అది వచ్చింది. నది పేరులో వాళ్లున్నరు. ఒడ్డు మీద ఊరు లేదు.

మా మాట సూటిగా చెప్తున్నం: ఆ పేరు మార్చుడు న్యాయమే, చాలా ఆలస్యమైన న్యాయం. కానీ మార్చిన తీరులో ఒక వెలితి ఉన్నది. 1933లో ఆదివాసీలను అడగకుండ పెట్టిన్రు, 2020లో తీసేటప్పుడు గూడ స్పాన్సర్ల మాట విన్నంతగ వాళ్ల మాట వినలేదు. ఆ టోపీ మీది బొమ్మ 1970ల మొదట్ల వచ్చింది. దాన్ని తెచ్చింది బ్లాక్‌ఫీట్ తెగ నాయకుడు వాల్టర్ వెట్జెల్, ఆదివాసీల జాతీయ కాంగ్రెస్‌కు ఒకప్పటి అధ్యక్షుడు. హెల్మెట్ మీద ఒట్టి అక్షరం బదులు మా మనిషి ముఖం ఉండాలని ఆయన కోరిండు. పేరుతో పాటు బొమ్మ గూడ పోతే ఆ కుటుంబం నొచ్చుకున్నది. పేరు పోవాలన్నోళ్లూ ఆదివాసీలే, బొమ్మ ఉండాలన్నోళ్లూ ఆదివాసీలే. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ సెమినోల్స్ అనే పేరు వాడుకుంటున్నదంటే అక్కడి సెమినోల్ తెగ ఒప్పుకున్నది కాబట్టి. అడిగిన్రు, ఒప్పుకున్నరు. ఆ తెగ రేపు వద్దంటే వద్దనే హక్కు గూడ వాళ్లదే కావాలె.

ఇదంతా మొన్న టీచర్ సారుకు చెప్పినం. ఆయన టోపీ తీసి చేతిల పట్టుకొని చాలాసేపు చూసిన్రు. పడేయమని మేము అనలేదు. ఆఖరుకు ఒకటే అడిగిన్రు: మరి ఈ బొమ్మల ఉన్న మనిషి పేరేంది? బ్లాక్‌ఫీట్ పెద్దమనిషి టూ గన్స్ వైట్ కాఫ్ పోలికలతో గీసిన్రని చెప్తరు సారూ అన్నం. ఆయన ఆ పేరును నోట్లో రెండుసార్లు అనుకున్నరు.

ఇగ మీ ప్రశ్నలుంటే అడగండి. మైకు వెనక్కి పంపిస్తున్నం.