చేసిన పని, జన్యువులకు తగిలిన దెబ్బ
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద మాట్లాడమంటే అందరూ బి.పి., షుగరు గురించే చెబుతారు. అవి నాకన్నా మీకే బాగా తెలుసు. నేను మన వర్క్‌షాపు గురించి మాట్లాడతాను.

మెకానిక్కులుగా చేసినవారం చేతుల జిడ్డు దేనితో కడుక్కున్నాం? పెట్రోలుతోనే గదా! బేరింగులు పళ్లెంలో వేసి దానితోనే కడిగాం. ట్యూబు నోట పెట్టి పీల్చి తీశాం. సాయంత్రానికి తల దిమ్మెక్కితే టీ తాగి ఊరుకున్నాం. ఆ పెట్రోలులో బెంజీన్ అనే పదార్థం ఉంటుంది. ఇప్పుడు మన దేశంలో అది నూటికి 1 వంతు మించరాదని నిబంధన ఉంది. మన రోజుల్లో అంత కట్టుబాటు లేదు.

ఊపిరితో లోపలికి పోయిన బెంజీన్‌ను కాలేయం వేరే పదార్థాలుగా మారుస్తుంది. అవి ఎముకల మూలుగకు చేరి, రక్తం తయారుచేసే కణాలలోని క్రోమోజోములను తెంచుతాయి. తెగినదాన్ని శరీరం చాలావరకు అతికించుకుంటుంది. ఎప్పుడో ఒకటి తప్పుగా అతుకుతుంది, అక్కడే చిక్కు. ఇస్తాంబుల్‌లో బెంజీన్ కలిసిన జిగురుతో చెప్పులు అంటించే కార్మికులలో ల్యుకేమియా ఎక్కువగా రావడం గమనించి డాక్టర్ అక్సోయ్ బృందం 1974లో ప్రచురించింది. మన దగ్గర పత్తి చేలలో మందు కొట్టే కూలీల రక్తంలో క్రోమోజోముల దెబ్బలు ఎక్కువగా ఉన్నాయని ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1991లో తెలియజేశారు.

ఇక్కడ అమ్మలకు ఒక భయం ఉంటుంది. ఇది పిల్లలకు, మనవలకు దిగుతుందా? ఎక్స్‌రేలు తగిలిన ఈగల సంతానంలో లోపాలు దిగుతాయని ముల్లర్ 1927లో చూపి, 1946లో నోబెల్ బహుమతి పొందారు. అయితే మూలుగ కణానికి తగిలిన దెబ్బ ఆ మనిషితోనే పోతుంది. బీజకణానికి తగిలితేనే సంతానం మాట. హిరోషిమా, నాగసాకిలలో బతికి బయటపడినవారి పిల్లలను 1948 నుంచి పరిశీలిస్తున్నా, వారిలో వంశపారంపర్య జబ్బులు పెరిగినట్లు స్పష్టంగా తేలలేదు. కనుక మనవడికి ఏ నలత చేసినా తాతగారి ఉద్యోగం మీద వేయకండి.

బట్టల మీద ఇంటికి వచ్చిన దుమ్ము సంగతి వేరు. బ్రేక్ లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. గాలిపైపుతో ఊది డ్రమ్ములు శుభ్రం చేశాం, ఆ ఖాకీ బట్టలు ఇంట్లో ఆడవాళ్లు దులిపి ఉతికారు. అలా ఉతికినవారికి కూడా ఊపిరితిత్తుల పొర క్యాన్సరు వచ్చినట్లు 1965లోనే లండన్ వైద్యులు రాశారు.

ఆ జబ్బు బయటపడటానికి 30, 40 ఏళ్లు పడుతుంది. అంటే సరిగ్గా మనం పెన్షను తీసుకునే వయసులో! డాక్టరు గారు బీడీ, సిగరెట్టు అడుగుతారు. ఏం పని చేశావయ్యా అని అడిగేవారు తక్కువ. చీటీ మీద ‘రిటైర్డ్’ అని రాస్తారు, అంతే. సర్వీసు రిజిస్టరులో హోదా, ఇంక్రిమెంట్లు, సెలవులు ఉన్నాయి గాని, మనం పీల్చినది లేదు. మాతో చేసిన ఒక స్ప్రే పెయింటరు రిటైరైన మూడో ఏడు బ్లడ్ క్యాన్సరుతో పోయారు. థిన్నరు వల్లనే అని నేననడం లేదు. అవునో కాదో తేల్చడానికి ఆయన దగ్గర ఒక్క కాగితం లేదు. బెంజీన్ వల్ల వచ్చే జబ్బులు 1923 నాటి వర్క్‌మెన్ పరిహార చట్టం మూడవ షెడ్యూలులో ఉండేవి. కాని జబ్బుకూ పనికీ లంకె చూపేదెవరు?

అందుకని ఒక తెల్లకాగితం మీద రాసి పి.పి.ఓ. నకలుతో పాటు దాచండి. ఏ సెక్షను, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు, చేతిలో ఏముండేది: పెట్రోలా, థిన్నరా, బ్యాటరీ సీసమా, బ్రేక్ లైనింగా. మీతో చేసినవారి పేర్లు రెండు రాయండి. నీరసం, మాటిమాటికీ జ్వరం, చిగుళ్ల నుంచి రక్తం, తగ్గని ఆయాసం ఉన్నవారు డాక్టరుకు ముందు ఈ కాగితం చూపి, తరవాత నాడి చూపించండి. భర్త పోయిన అమ్మలు తమకు గుర్తున్నంత వరకు తమ పేరు మీద రాయించుకోవాలి.

నమూనా ఒకటి రాసి తెచ్చాను. జిరాక్సు కాపీలు కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి, వెళ్లేటప్పుడు తీసుకోండి. కళ్లు సరిగా ఆననివారికి మన వాళ్లే కూర్చుని రాసిపెడతారు.