పేరుకున్న డీజిలు: జర్మనీ చలిలో బండి కదలాలంటే



ఈ రోజు కాస్త మోటు విషయం మాట్లాడుకుందాం. జర్మనీ వచ్చి, పిల్లలు పుట్టాక సెకండ్ హ్యాండులో పెద్ద డీజిలు కారు కొనుక్కున్న తెలుగువాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఎనిమిది నెలలు ఏ పేచీ పెట్టని ఆ బండి సరిగ్గా జనవరిలో, పిల్లవాడికి జ్వరం వచ్చిన రోజే మొండికేస్తుంది. నేను మెకానిక్కుని కాను, సాఫ్ట్‌వేరు వాడిని. కానీ మ్యూనిక్ చుట్టుపక్కల చాలా చలికాలాలు డీజిలు బండి నడిపాను కనుక తెలిసింది చెబుతాను.

మన ఇళ్ళల్లో చలికాలం కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టడం, నెయ్యి పేరుకోవడం అందరం చూసిందే. డీజిలు సంగతీ అంతే. అందులో సహజంగానే కొంత మైనం ఉంటుంది. చలి పెరిగే కొద్దీ అది సన్నటి పలుకులుగా పేరుకుంటుంది. ముందు డీజిలు మసకబారుతుంది, ఆ తర్వాత ఆ పలుకులు ఫిల్టరు కాగితానికి పట్టేసి దారి మూసేస్తాయి. పెట్రోలు కారుకి ఈ బాధ లేదు.

అందుకని ఇక్కడి బంకుల్లో కాలాన్నిబట్టి వేరే వేరే డీజిలు పోస్తారు. ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబరు 30 దాకా అమ్మే వేసవి డీజిలు సున్నా డిగ్రీల వరకు ఫిల్టరు దాటితే చాలు. అక్టోబరు 1 నుంచి నవంబరు 15 దాకా మైనస్ 10 వరకు దాటాలి. నవంబరు 16 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా మైనస్ 20. మార్చి 1 నుంచి ఏప్రిల్ 14 దాకా మళ్ళీ మైనస్ 10. బంకులో పంపు మీద ఇవేవీ రాసి ఉండవు, పేరు ఒకటే, డీజిల్ అనే. కాబట్టి మీ ట్యాంకులో ఉన్నది ఏ డీజిలో తెలియాలంటే, అది ఏ తేదీన పోయించారో గుర్తుండాలి.

చిక్కు ఇక్కడే వస్తుంది. నాకు తెలిసిన ఒక కుటుంబం సెప్టెంబరు ఆఖర్లో కారు కొని ట్యాంకు నిండా పోయించారు. ఆయన ఆఫీసుకి రైల్లో వెళ్తారు, కారు వారానికోసారి కూరగాయలకి. ఫిబ్రవరి వచ్చేసరికి ఇంకా సగం ట్యాంకు మిగిలే ఉంది. ఆ వారం రాత్రిళ్ళు మైనస్ 17. ఆవిడ అమ్మగారు, నాన్నగారు హైదరాబాదు నుంచి దిగుతున్నారు. పొద్దున్నే చంటిపిల్లని వెనక సీట్లో కట్టి ఎయిర్‌పోర్టుకి బయలుదేరారు. బండి చక్కగా స్టార్టయింది కూడా. ఆటోబాన్ ఎక్కాక ఇరవై నిమిషాలకి ఎక్సలేటరు తొక్కినా వేగం అందలేదు. లారీల మధ్య బండి నీరసపడి, పక్క పట్టీ మీదకి లాగగానే ఆగిపోయింది. ఇంజను ఆగితే లోపల వేడీ ఆగిపోతుంది. టో చేసే బండి వచ్చేలోగా పిల్లని తల్లి కోటు లోపల పెట్టుకుని కూర్చుంది. ఆ పెద్దవాళ్ళు పల్చటి స్వెట్టర్లతో ఎయిర్‌పోర్టులో రెండు గంటలు ఎదురు చూశారు. తీరా చూస్తే బండిలో ఏమీ చెడిపోలేదు. వెచ్చటి షెడ్డులో పెట్టి, ఫిల్టరు మార్చి, శీతాకాలపు డీజిలు పోస్తే మామూలుగా నడిచింది.

మరి మొదట ఎలా స్టార్టయింది అంటారా? పైపుల్లో, ఫిల్టరులో అప్పటికే ఉన్న కాస్త డీజిలుతో ఇంజను రాజుకుంటుంది. ట్యాంకులోంచి వచ్చే మైనం ఫిల్టరుని కొంచెం కొంచెంగా మూస్తుంది. అందుకే ఈ జబ్బు ఇంటి ముందు కాక దారి మధ్యలో బయటపడుతుంది. నా మటుకు నాకు స్టార్టు కాని బండి కంటే ఇదే ఎక్కువ భయం.

స్టార్టు కాకపోతే చెవి పెట్టి వినండి. తాళం తిప్పగానే టక్ టక్ మని ఊరుకున్నా, ఇంజను మూలుగుతూ మెల్లగా తిరిగినా అది బ్యాటరీ. చలికి ఇంజనాయిలు చిక్కబడుతుంది, ఇంజను తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. అదే సమయంలో మైనస్ 20 దగ్గర బ్యాటరీ శక్తి సుమారు సగానికి పడిపోతుంది. ఇక్కడి ఆటోమొబైల్ క్లబ్బు ఆడాక్ ఏటా ఇచ్చే లెక్కల్లో బ్రేక్‌డౌన్లలో 40 శాతానికి పైగా బ్యాటరీ వల్లే. ఐదేళ్ళు దాటిన బ్యాటరీ ఉంటే అక్టోబరులోనే పరీక్ష చేయించండి. పక్కింటాయన కారు నుంచి కేబుళ్ళతో అంటించుకోవాల్సి వస్తే ఎర్ర తీగ ప్లస్ నుంచి ప్లస్ కి. నల్ల తీగ ఒక కొస ఆయన బ్యాటరీ మైనస్ కి, రెండో కొస మీ ఇంజను మీద రంగులేని లోహానికి. మీ బ్యాటరీ మైనస్ కి తగిలిస్తే నిప్పురవ్వ బ్యాటరీ పక్కనే పుడుతుంది, అది ప్రమాదం.

ఇంజను హుషారుగా తిరుగుతూ కూడా అందుకోకపోతే గ్లో ప్లగ్గుల్ని అనుమానించాలి. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిలు మండుతుంది. రుడాల్ఫ్ డీజిల్ దొర ఈ పద్ధతిని నిలబెట్టింది మనకి పక్కనే ఉన్న ఆగ్స్‌బర్గ్ లో, 1897లో. అయితే గడ్డకట్టిన ఇనుము ఆ వేడినంతా పీల్చేస్తుంది కాబట్టి గ్లో ప్లగ్గులు ముందు లోపల వెచ్చబెట్టాలి. డ్యాష్‌బోర్డు మీద చుట్టల తీగలాంటి పసుపు దీపం అదే. అది ఆరాకే స్టార్టు చేయండి. బాగా చలిగా ఉంటే రెండుసార్లు వెలిగించి ఆరనివ్వండి. ఒక ప్లగ్గు పోయినా వేసవిలో తెలియదు, చలిలోనే బయటపడుతుంది.

ఇక మా మావయ్య సలహా. విజయవాడ ఆటోనగర్ లో లారీలతో జీవితమంతా గడిపిన మనిషి. ఫోనులో ఈ సంగతి చెబితే, "ఒరేయ్ అల్లుడూ, కాస్త కిరసనాయిలు కలపరా, పరిగెడుతుంది" అన్నాడు. ఆయన కాలపు ఇంజన్లకి అది నిజమే. జర్మనీలో కూడా పాతకాలం వాళ్ళు చలికి పెట్రోలు కలిపేవారు. కానీ 1997 నుంచి వచ్చిన కామన్ రైల్ ఇంజన్లలో పంపుకి గ్రీజు, నూనె అన్నీ ఆ డీజిలే. కిరసనాయిలో, పెట్రోలో కలిస్తే ఆ జారుడు పోయి లోహం అరిగి, ఆ పొడి ఇంజెక్టర్ల దాకా చేరుతుంది. ఆ రిపేరు బిల్లు పాత బండి ఖరీదుని మించినా ఆశ్చర్యం లేదు. మావయ్యకి అది చెప్తే, "అయితే అదేం బండిరా" అన్నాడు. ఆ మాటలోనూ కొంత న్యాయం ఉంది.

బంకుల్లో అమ్మే ఫ్లో ఇంప్రూవర్ అనే మందు పనిచేస్తుంది కానీ మైనం పేరుకోకముందే పోయాలి. పేరుకున్నాక పోస్తే ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే. మన దేశంలో లడఖ్ వైపు లారీల ట్యాంకుల కింద మంట పెట్టేవారు. అక్కడి కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 దాకా పేరుకోని డీజిలు తెచ్చింది. ఇక్కడి కారు ట్యాంకు ప్లాస్టిక్, మంట ఊసే వద్దు. నిలబెట్టి ఇంజను వేడెక్కించడం కూడా కుదరదు, అనవసరంగా ఇంజను నడిపితే 80 యూరోల జరిమానా. మూసిన గ్యారేజిలో అయితే ఆ పొగ ప్రాణమే తీస్తుంది. స్టార్టు చేసి నెమ్మదిగా బయలుదేరడమే మంచిది.

సంక్రాంతికి ఇండియా వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఐదారు వారాలు బండి బయటే ఉంటుంది కదా. అక్టోబరులోనే పాత డీజిలు ఎక్కడికైనా తిరిగి ఖర్చు చేసేయండి. నవంబరు ఆఖర్లో నిండా పోయించండి. ఇటలీ, స్పెయిన్ తిరిగొచ్చినవాళ్ళు అక్కడ పోయించినదీ ఇలాగే ఖాళీ చేసుకోవాలి. తిరిగొచ్చిన రాత్రి, నిద్రలేని కళ్ళతో, పిల్లలతో, నెల రోజులు కదలని బండిని ఆటోబాన్ ఎక్కించకండి. ఆ రోజుకి రైలో, టాక్సీయో చూసుకోండి. మర్నాడు పగలు ఒక్కరే ఊళ్ళో ఓ అరగంట తిప్పి చూడండి.

ఆడ్ బ్లూ మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది కానీ దానికి హీటరు ఉంది, అది బండిని ఆపదు. డిక్కీలో త్రికోణం, మెరిసే జాకెట్టు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఎలాగూ చట్టమే. వాటితోపాటు రెండు దుప్పట్లు, మంచినీళ్ళు, పిల్లల బిస్కెట్లు పడేయండి. ఆటోబాన్ మీద బండి ఆగితే అందరూ కోట్లు వేసుకుని రెయిలింగు అవతలకి వెళ్ళాలి, బండిలో కూర్చోకూడదు. అందుకే దుప్పట్లు చేతికందేలా సీటు కిందే పెట్టుకుంటే ఇంకా నయం.